అర్ధాంగీకారం

మలక్‌పేట ఆస్పత్రిలో టోకెన్ మెషీను పక్కన
మూడు రోజులుగా నిలబడుతున్నాను.
రోగిని కాను.
దాని లోపలి నాలుగొందల లైన్లకి బాధ్యురాలిని.

వాచ్‌మన్ పేరు సర్వర్.
"సర్వర్ డౌన్" అని నేను ఫోన్లో అన్నప్పుడల్లా
స్టూలు మీంచి లేచి నిలబడతాడు,
"ఇక్కడే ఉన్నా మేడమ్" అంటూ.

టీ తాగుతూ ఒకసారి చెప్పాను అతనికి,
అద్దానికి వేలు తగిలితే ఏమవుతుందో.
ఆనగానే ఒక కబురు పుడుతుంది: మొదలు.
జరిగితే ఇంకొకటి: కదలిక.
లేస్తే: ముగింపు.
ప్రతి వేలికీ ఒక నంబరు,
వేలు లేవగానే ఆ నంబరు ఇంకెవరిదో.
కబురు పుట్టేది సి ప్లస్ ప్లస్‌లో,
నేను రాసేది పైథాన్‌లో,
నడుమ ఒక దుబాసీ.

"నా లెక్కనే" అన్నాడు సర్వర్.
నిజమే. పొద్దున్నుంచీ అతను చేస్తున్నది
డాక్టరమ్మ తెలుగుని
చంచల్‌గూడ ముసలాయన ఉర్దూలో పెట్టడం,
ఆయన దగ్గుని మళ్ళీ తెలుగులో పెట్టడం.

నాలుగో రోజు అంజవ్వ వచ్చింది.
కాటేదాన్‌లో గ్రానైటు పలకలకి నునుపు పెడుతుందట.
చూపుడు వేలితో నొక్కింది. ఏం లేదు.
కొంగుకి తుడుచుకుని నొక్కింది.
నాలుక తడి అద్దుకుని నొక్కింది.
"రేషన్ దుకాణంల గూడ గిట్లనే బిడ్డా,
మిషన్ల కండ్లకు నా ఏళ్లు ఆనవ్."
వెనకాల వరసలో గొణుగుడు మొదలైంది.
అప్పుడిక
గోడకి పిడక కొట్టినట్టు
అరచెయ్యి మొత్తం ఆనించేసింది.

తెర ఒకసారి ఉలిక్కిపడి ఊరుకుంది.

లాగ్ తెరిచాను.
మొదలు. రద్దు.
మొదలు. రద్దు.
అరచెయ్యి అంటే పొరపాటున తగిలిన చెయ్యి అని
డ్రైవరు నమ్మకం.
మెత్తటి కుర్చీలో కూర్చుని
తెర మీద బొమ్మలు గీసుకునే ఎవరి కోసమో
రాసిన నియమం అది.
ఆ పూట ఆమె టోకెను సర్వరే తీశాడు.

రద్దుని పట్టుకోడానికి కొత్త ఫంక్షన్ రాశాను.
అరసెకను నిలిచిన అరచెయ్యి
వేలితో సమానం అని అందులో రాశాను.
నడిపి చూస్తే మొదలు ఒక్కటే వస్తుంది.
తర్వాత కదలిక లేదు, ముగింపు లేదు,
చివరికి రద్దు కూడా లేదు.

రాత్రి మెట్రోలో ఒళ్ళో లాప్‌టాప్.
కింద మూసీ వాసన అద్దాల్ని దాటి వస్తుండగా
కనిపించింది.
మొదలు అందినప్పుడే
"అవును, ఇది నాదే" అనాలి.
అనకపోతే ఆ చేతి మిగతా కథ మనకెవరూ చెప్పరు.
నా ఫంక్షన్ అన్నీ చేసింది,
చివర ఆ ఒక్క మాట అనడం మరిచింది.
రిటర్న్ ట్రూ.
మౌనం అర్ధాంగీకారమన్నది
పెళ్ళిచూపుల్లో చెల్లుతుందేమో.
ఈ లైబ్రరీలో నోరు మెదపకపోతే
కాదన్నట్టే.

మర్నాడు నా అరచెయ్యి పెడితే పనిచేసింది.
కీబోర్డు తప్ప ఏదీ మొయ్యని చెయ్యి,
దాని సాక్ష్యం ఎవరిక్కావాలి?
సర్వర్ చేతుల్ని వెతికి తెచ్చాడు.
ఇరానీ హోటల్లో చాయ్ కాచే చెయ్యి,
టైర్ల దుకాణం చెయ్యి,
ఫినాయిల్‌తో పగిలిన ఆయమ్మ చెయ్యి.
అందరికీ టోకెన్లు వచ్చాయి.
జబ్బు లేనివాళ్ళకి టోకెన్లేమిటని
సూపరింటెండెంట్ కేకలేశాడు.

బుధవారం అంజవ్వ మళ్ళీ వచ్చింది.
మెషీను వైపు చూడనైనా లేదు,
నేరుగా సర్వర్ వేలు పట్టుకుంది, నువ్వే నొక్కమని.
అతను వేలు వెనక్కి తీసుకుని నా వైపు చూశాడు.

అరచెయ్యి పెట్టింది.
మొదలు.
అవును.
ముగింపు.
రెండు వందల పన్నెండు.

కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని అడిగింది,
"ఎంత సేపు వడ్తది బిడ్డా?"

దానికి నా దగ్గర ఫంక్షన్ లేదు.
సర్వర్ తన స్టూలు
ఆమె వైపు జరిపాడు.